వినపడని పిల్లకు సత్యోపదేశం

ఉపదేశి పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు మా ఇంటికొచ్చి మొదట అడిగేది ఒకటే. "టీచరమ్మ గారూ, ముందు ఏ పుస్తకం చదవమంటారు?" అని. ముందు నందిగామ బస్టాండుకు పోయి మన ఊళ్ళకు ఏ బస్సు ఎప్పుడు బయల్దేరుతుందో, చివరి బస్సు ఎప్పుడు తిరిగొస్తుందో తెలుసుకోమంటాను. వాళ్ళు నవ్వుతారు. నేను వేళాకోళానికి చెప్పడం లేదు. పుస్తకం చదివినవాళ్ళు చాలామందే ఈ పనిలోకి వచ్చారు. చివరి బస్సు రెండోసారి తప్పిపోగానే పని వదిలి వెళ్ళిపోయారు.

పోయిన ఏడాది నేను ఈ పని మానుకున్నాను. మోకాళ్ళు మానుకోమన్నాయి. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా రోడ్డుకు అటూ ఇటూ ఉన్న పల్లెల్లో నా బతుకంతా గడిచింది. నా పేరు లూర్దమ్మ అని చాలామందికి తెలియదు. అందరికీ టీచరమ్మనే. ఇక చెప్పాల్సినవి చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ ఉపయోగం.

పని అంటే ఏమిటి

విచారణ గురువు, అంటే ఈ ఊళ్ళ గుళ్ళన్నీ చూసే ఫాదర్ గారు, ఒక్కరు. ఊళ్ళు బోలెడు. ఆయన ఒక ఊళ్ళో పూజ చేస్తుంటే మిగతా ఊళ్ళలో దేవుడి పని ఆగిపోకుండా చూసేది ఉపదేశి. పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం అంటే ఏమిటో తల్లిదండ్రులకు చెప్పాలి. పిల్లలకు జపాలు నేర్పాలి. అక్టోబరు నెలంతా ఇంటింటికీ తిరిగి జపమాల చెప్పించాలి. ఈస్టరు ముందొచ్చే తపస్సు కాలంలో సిలువ మార్గం నడిపించాలి. మంచాన పడ్డవాళ్ళ దగ్గరికి ఫాదర్ గారిని పిలుచుకురావాలి. ఇవన్నీ మిరప కోతలు, పత్తి తీతలు అయ్యాకే. చేలో వంగి వంగి నడుము పట్టేసిన మనిషికి త్రిత్వం గురించి చెప్పబోతే ఆవిడ గోడకు జారబడి నిద్రపోతుంది. నిద్రపోనివ్వండి. లేచాక టీ ఇచ్చి చెప్పండి.

జ్ఞానస్నానంలో బిడ్డకు బాధ్యుడిగా నిలబడే జ్ఞాన తండ్రిని ఎంచుకోవడం గురించి మీకు చాలా పాఠాలు చెబుతారు. నాకు పాఠం చెప్పింది మాత్రం జగ్గయ్యపేట నుంచి రావాల్సిన ఒక జ్ఞాన తండ్రి. బిడ్డకు తెల్ల గౌను వేశారు, కొవ్వొత్తి వెలిగించారు, ఆయన జాడ లేదు. చివరికి ఫోన్ వచ్చింది.

"టీచరమ్మ గారూ, నిద్రపట్టేసిందండీ. నందిగామ దాటిపోయా."

"ఇప్పుడెక్కడున్నావయ్యా?"

"కళ్ళు తెరిచేసరికి ఆ పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం కనిపించిందండీ. పరిటాల్లో దిగా."

ఫాదర్ గారికి చెబితే ఆయన తొణక్కుండా, "ఆయనకో నమస్కారం పెట్టి వెనక్కి బస్సెక్కమనండి, ఆగుతాం" అన్నారు. ఆగాం. బిడ్డ ఏడ్చి, పాలు తాగి, పడుకుని, లేచింది. అప్పుడొచ్చాడు చెమటలు కక్కుకుంటూ. ఇలాంటివాడు బిడ్డకు విశ్వాసం ఏం నేర్పుతాడని నేను లోపల తిట్టుకున్నాను. తర్వాత ఆ బిడ్డ తండ్రి గల్ఫ్ పనికి పోతే, ఆదివారం ఆదివారం జగ్గయ్యపేట నుంచి మోటారు సైకిల్ మీద వచ్చి బిడ్డను గుడికి తీసుకెళ్ళింది ఇతనే. మొదటి రోజు చూసి ఎవర్నీ లెక్కలోంచి తీసెయ్యకండి.

ఫాదర్ రాయప్ప గారి పరీక్ష

నేను పనిచేసిన గురువుల్లో ఫాదర్ రాయప్ప గారంటే అందరికీ హడల్. ప్రథమ సత్ప్రసాదం, అంటే పూజలో ఇచ్చే అప్పం మొదటిసారి, తీసుకోబోయే పిల్లలు ఒక్కొక్కరూ ఆయన ముందు నిలబడి పరలోక జపం, మంగళవార్త జపం, విశ్వాస సంగ్రహం, పది ఆజ్ఞలు తడబడకుండా చెప్పాలి. ఒకడు విశ్వాస సంగ్రహమంతా ఒక్క గుక్కలో చెప్పి, చివర ఆమెన్ అనాల్సిన చోట "అయిపోయింది సార్" అన్నాడు. ఫాదర్ గారి ముఖంలో కండరం కదల్లేదు. వాడు వెళ్ళాక గది తలుపేసుకున్నారు. లోపల్నుంచి ఆయన నవ్వు మా అందరికీ వినపడింది.

బట్టీయం విషయంలో ఆయనతో నాకు ఎప్పుడూ కుదరలేదు. చిలకలా చెప్పిన పిల్లకు ఏం తెలుసో నాకు తెలుసు. అయినా ఒక మాట చెబుతాను. "ఏదో ఒకటి కానిచ్చేద్దాం" అనే గురువు కంటే కఠినమైన గురువు మేలు. కానిచ్చేసే మనిషికి మీరేం చెప్పినా ఎక్కదు. కఠినుడికి తను చేసేదాని మీద భయం, గౌరవం ఉంటాయి. ఆయన్ని ఒప్పిస్తే మాత్రం మీకంటే గట్టిగా నిలబడతాడు. ఇది నాకు స్టెల్లా అనే పిల్ల వల్ల తెలిసింది.

వరండాలో కూర్చున్న పిల్ల

ఆ ఏడాది వేసవి తరగతులు మునేటి పక్కనున్న ఒక పల్లె గుడిలో పెట్టాం. ఆరోగ్యమ్మ అనే ఆవిడ తన చిన్నకూతురు రోజీని లోపల కూర్చోబెట్టి, పెద్దకూతురు స్టెల్లాను వరండాలో వదిలి పోయేది. స్టెల్లాకు పుట్టుకతోనే వినపడదు. విజయవాడలో వినపడని పిల్లల బడిలో హాస్టల్లో ఉండి చదువుతుంది. సెలవులకు ఇంటికొచ్చింది.

నేను లోపల పిల్లలకు సిలువ గుర్తు నేర్పుతుంటే కిటికీ ఊచల మధ్య నుంచి ఒక చెయ్యి నుదురు మీదికి, రొమ్ము మీదికి, భుజాల మీదికి పోతోంది. లోపలున్న సగం మంది కంటే బాగా వేస్తోంది. సాయంత్రం ఆరోగ్యమ్మను ఆపాను.

"స్టెల్లాను కూడా లోపల కూర్చోబెట్టొచ్చుగా?"

"దానికేం అర్థమవుద్దండీ? చెల్లెలికి తోడుగా వస్తంది అంతే." అని ఆగి, కొంగు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఒకసారి పూజలో సత్ప్రసాదం లైన్లోకి పోయి నిలబడిందండీ. దానికి తెలవదుగా. నేనే పోయి లాక్కొచ్చా. ఆ రోజంతా అన్నం తిన్లా."

ఇక వాళ్ళ నాన్న చిన్నప్ప. నందిగామకు ఆటో నడుపుతాడు. పెళ్ళాం పిల్లల్ని గుడి గేటు దాకా దింపుతాడు. గేటు దాటి లోపలికి రాడు. ఎన్నేళ్ళుగానో రాడు. నేను గేటు దగ్గరికే వెళ్ళాను.

"చిన్నప్పా, ఈ ఏడు స్టెల్లాకు కూడా సత్ప్రసాదం ఇప్పిద్దాం."

"వద్దు టీచరమ్మా."

"ఏం?"

"అందరి ముందూ నిలబెట్టి దాన్ని బొమ్మని చెయ్యొద్దు. అది నోరు తెరిస్తే వచ్చే శబ్దానికి పిల్లకాయలు నవ్వుతారు. మొన్న మా బావమరిది పెళ్ళిలో నవ్వారు. అప్పట్నుంచి నోరే తెరవటంలా."

"నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాగా."

"దేవుడే చూసుకోలేదు, మీరేం చూసుకుంటారు?" అన్నాడు, ఆటో అద్దం తుడుస్తూ. "గుణదల మేరీమాత కొండకి చెప్పుల్లేకుండా నడిచిపోయా దీని కోసం. తలనీలాలిప్పిచ్చా. నా మాట ఆయన విన్లా. ఆయన మాట నేనెందుకు వినాలి?"

  ఇలాంటి మాటకు జవాబు ఉన్నట్టు నటించకండి. అలాంటప్పుడు బైబిల్లోంచి ఏదో ఒక వాక్యం చెప్పేసి వచ్చే ఉపదేశులు ఉన్నారు. ఆ మనిషి మళ్ళీ వాళ్ళ ముఖం చూడడు.

నేను ఇంతే అన్నాను. "సరే, స్టెల్లానే అడుగుదాం."

ఆరోగ్యమ్మ చేతులతో అడిగింది. స్టెల్లా మా అందరినీ ఒకసారి చూసింది. రోజీని చూపించింది, తనను చూపించుకుంది, రెండు చేతులూ చాచి కనుబొమలు ఎగరేసింది. దానికి అర్థం చెప్పడానికి ఎవరూ అక్కర్లేదు. అది తీసుకోవచ్చు, నేనెందుకు తీసుకోకూడదు?

చిన్నప్ప అద్దం తుడిచే గుడ్డ సీటు కింద పడేశాడు. "మీ ఇష్టం. కానీ ఒక్కడు నవ్వినా ఆటోలో ఎక్కించుకుని తీసుకుపోతా. పూజ మధ్యలో అయినా సరే. ముందే చెప్తన్నా."

చేతులతో చెప్పుకున్న పాఠం

నాకు సైగల భాష రాదు. స్టెల్లా నాకు నేర్పింది, నేను దానికి నేర్పాను. ముందు అది మా అందరికీ పేర్లు పెట్టింది. ముక్కు మీద కళ్ళజోడు ఎగదోసుకుంటే నేను. పొట్ట ముందు గుండ్రంగా చెయ్యి తిప్పితే ఫాదర్ రాయప్ప గారు. ఆ పేరు ఆయనకు చెప్పడానికి నాకు చాలా రోజులు ధైర్యం చాల్లేదు.

యేసు ప్రభువుకు సైగ దానికి బడిలోనే వచ్చు. ఒక చేతి వేలితో రెండో అరచేతి మధ్య తాకాలి, మేకు దిగిన చోట. మిగతావి ఇద్దరం కలిసి కట్టుకున్నాం. ఒకరోజు నేను ప్రభువు మన పాపాలు మోశాడని ఎంతో శ్రద్ధగా చెప్పాను. అది పొట్ట పట్టుకుని నవ్వింది. రోజీ వచ్చి తేల్చింది. "టీచరమ్మ గారూ, యేసు ప్రభువు గేదెల్ని తోలుకెళ్ళాడని చెప్తున్నారు మీరు."

అసలు కష్టం సత్ప్రసాదం దగ్గరొచ్చింది. ప్రభువు చనిపోయే ముందు రాత్రి శిష్యులతో చేసిన కడరా భోజనం బొమ్మ చూపించాను. రొట్టె చూపించాను. అరచేతి మధ్య తాకి ప్రభువు అన్నాను. రెండు చూపుడు వేళ్ళూ దగ్గరికి చేర్చి, ఇదీ అదీ ఒకటే అన్నాను. స్టెల్లా చెయ్యి తిప్పింది. ఎలా?

దానికి పండితులు రాసిన పెద్ద మాటలు నాకు తెలుసు. వాటికి సైగలు లేవు. నేను భుజాలెగరేసి, తల అడ్డంగా ఊపాను. నాకు తెలియదు. స్టెల్లా నా ముఖంలోకి చూసి నవ్వి, బొమ్మలో ప్రభువు పక్కన ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టి, తనను చూపించుకుంది. నేను ఇక్కడ కూర్చుంటా. ఆ రోజు పాఠం అంతటితో ఆపేశాను. 

మందసం ముందు

స్టెల్లాకు కూడా సత్ప్రసాదం ఇవ్వాలని అడిగితే ఫాదర్ రాయప్ప గారు తల ఊపలేదు.

"లూర్దమ్మ గారూ, జాలితో ఇవ్వడానికి ఇది మిఠాయి కాదు. ఏం తీసుకుంటుందో తెలిసి తీసుకోవాలి. తెలుసని నాకెలా తెలియాలి?"

"మీరే అడగండి ఫాదర్ గారూ."

"ఏమని అడగను? విశ్వాస సంగ్రహం చెప్పమననా?"

మర్నాడు ఉదయం పూజ అయ్యాక ఆయనే ఒక ఉపాయం ఆలోచించుకుని వచ్చారు. బల్ల మీద ఒక బిస్కట్టు పెట్టారు. పక్కన డబ్బాలోంచి తీసిన అప్పం ఒకటి పెట్టారు. పూజలో ఇంకా వాడనిది, ఉత్త అప్పం. ఏది తీసుకుంటావని చేత్తో అడిగారు. స్టెల్లా బిస్కట్టు తీసుకుని సగం విరిచి నోట్లో వేసుకుంది, సగం నాకిచ్చింది. ఫాదర్ గారు అప్పం ఎత్తి చూపించారు, ఇదో మరి అన్నట్టు.

స్టెల్లా తల అడ్డంగా ఊపింది. ఆయన చేతిలోంచి అప్పం సుతారంగా తీసి డబ్బాలో పెట్టి మూత వేసింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకుని బలిపీఠం దాకా నడిపించుకెళ్ళింది. పూజలో ఆయన ఎత్తినట్టే రెండు చేతులూ పైకెత్తింది. గంట కొట్టినట్టు చెయ్యి ఊపింది. అప్పుడు సత్ప్రసాదం దాచే మందసం ముందు వెలుగుతున్న ఎర్ర దీపం చూపించి, అరచేతి మధ్య తాకింది. చివరికి మళ్ళీ డబ్బా వైపు చూపించి, వేలు ఊపింది. అందులో ఉన్నది ఇంకా ప్రభువు కాదు.

ఫాదర్ గారు ముందు వరస బెంచీ మీద కూర్చుండిపోయారు. అక్కణ్ణుంచే నా వైపు తిరిగారు.

"ముందు తన పాపాలు నాకు చెప్పుకోవాలిగా, ఆ పాపసంకీర్తనం ఎలా చేయిస్తారు?"

"మీరు సైగలు నేర్చుకోవాలి."

"నేనా?" అన్నారు. తర్వాత ఆయనే, "ఎవరు నేర్పుతారు?" అని అడిగారు.

దుప్పటి

ఆ వారమంతా సాయంత్రం గురువుగారి బంగళా వరండా చూడాల్సిన దృశ్యం. విచారణ మొత్తాన్ని గడగడలాడించిన మనిషి కుర్చీ అంచున కూర్చుని అబద్ధం చెప్పడం, దొంగతనం చెయ్యడం, కొట్టడం, అమ్మ మాట వినకపోవడం సాధన చేసేవారు. స్టెల్లా ఆయన వేళ్ళు పట్టుకుని సరిచేసేది. దారిన పోయే ఒకాయన గేటు దగ్గర ఆగి నన్నడిగాడు. "ఫాదర్ గారికి ఒంట్లో బాగాలేదాండీ?"

పాపసంకీర్తనం రోజున పిల్లలందరినీ వరసలో నిలబెట్టాం. ఫాదర్ గారు గుడి పక్క గదిలో కూర్చున్నారు. మిగతా పిల్లలు లోపలికి పోయి గుసగుసలాడి వస్తున్నారు. స్టెల్లా వంతు వచ్చింది. మోకరించి చేతులు కదపడం మొదలుపెట్టింది. వరసలో ఉన్న పిల్లలంతా ఒక్కసారి కిటికీ మీదికి ఎగబడ్డారు.

"ఒరేయ్, చెల్లెల్ని గిల్లిందంటరా!"

"నన్నే! నన్నే గిల్లింది!" అంది రోజీ, అదేదో పెద్ద గౌరవమైనట్టు.

నేను పరుగున పోయేలోపే ఫాదర్ గారు లేచి వచ్చి కిటికీ మూయబోయారు. ఆ కిటికీ రెక్క ఎప్పుడో ఊడిపోయింది. బంగళాలో వంట చేసే ఆవిడ పూల పూల దుప్పటి ఒకటి తెచ్చింది. నేను ఒక కొస, ఆవిడ ఒక కొస పట్టుకుని కిటికీకి అడ్డంగా, లోపలికి చూడకుండా, గుడి గోడ వైపు తిరిగి నిలబడ్డాం. మా పాపసంకీర్తనాలకు చెక్క తెర ఉంటుంది. స్టెల్లాకు పూల దుప్పటి. లోపల ఏం జరిగిందో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. స్టెల్లా బయటికి వచ్చేటప్పుడు మాత్రం గెంతుకుంటూ వచ్చింది. ఫాదర్ గారు తర్వాతి పిల్లను పిలవడానికి కాస్త సమయం తీసుకున్నారు.

ఆదివారం

ప్రథమ సత్ప్రసాదాల ఆదివారం గురించి నిజం చెప్పాలంటే నాకు చిరాకు. ఊరి మొగదల పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీ. పెళ్ళికూతుళ్ళ లాంటి గౌన్లు. పీఠం ఎక్కేసే వీడియోవాళ్ళు. వాళ్ళను ఆపడం కూడా ఉపదేశి పనే. తిట్టినా ఫరవాలేదు, ఆపండి.

చిన్నప్ప ఆ రోజూ ఆటో ముఖం రోడ్డు వైపే తిప్పి పెట్టాడు. గుడి గుమ్మం దగ్గర, చెప్పులు విడవకుండా నిలబడ్డాడు.

పిల్లలు వరసగా వస్తున్నారు. స్టెల్లా ముందు, రోజీ వెనక. ఫాదర్ గారు అప్పం ఎత్తి "క్రీస్తు శరీరము" అన్నారు. స్టెల్లా ఆయన పెదాలనే చూస్తోంది. దానికి బదులు చెప్పాల్సిన ఆమెన్‌కు మేం ఒక సైగ అనుకున్నాం, చేతులు రొమ్ము మీద పెట్టుకోవాలని. అది చేతులు కదపలేదు. నోరు తెరిచింది.

పెద్ద శబ్దం. మొదట్లో సన్నగా, తర్వాత బొంగురుగా, సాగుతూ వచ్చింది. అందులో ఒక "ఆ" ఉంది, ఒక "మే" ఉంది. తన గొంతు ఎంత గట్టిగా ఉందో దానికి తెలియదు కదా.  వెనక బెంచీల్లో ఎవరో పిల్లవాడు కిసుక్కున నవ్వాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వినపడింది. చిన్నప్ప నడవ మధ్యగా వచ్చేస్తున్నాడు.

ఫాదర్ రాయప్ప గారు కదల్లేదు. ఆ శబ్దం పూర్తిగా అయ్యేదాకా అప్పం అలాగే పట్టుకుని నిలబడ్డారు. అయ్యాక తల వంచి, స్టెల్లా నాలుక మీద పెట్టారు.

తర్వాత రోజీ వంతు. ఫాదర్ గారు మాట పూర్తి చేశారో లేదో, రోజీ కళ్ళు మూసుకుని ఉన్న ఊపిరంతా పట్టి "ఆమేన్!" అని అరిచింది. దాని వెనక పిల్ల అంతకంటే గట్టిగా అరిచింది. ఆ వెనకవాడు తగ్గితే నామోషీ అనుకున్నాడు. చివరికి కర్ర ఊతంతో వచ్చిన ముసలమ్మలు కూడా పోటీ పడ్డారు. నా ఉద్యోగంలో అంత గోలగా జరిగిన పూజ ఇంకోటి లేదు. ఆ నవ్విన పిల్లవాడి గొంతు ఏదో చివరికి ఎవరికీ తెలియలేదు.

చిన్నప్ప నడవ మధ్యలో ఆగిపోయాడు. జనం అతన్ని తప్పించుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. సత్ప్రసాదం అయిపోయేదాకా అక్కడే నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు.

హైవే పక్కన

స్టెల్లా ఇప్పుడు పెద్ద క్లాసులు చదువుతోంది. బిషప్ గారు నుదుటిన తైలం పూసే భద్రమైన అభ్యంగనం కూడా అందుకుంది. ఫాదర్ రాయప్ప గారు వేరే విచారణకు వెళ్ళారు. వెళ్ళిన చోట వినపడని పిల్లలెవరైనా ఉన్నారా అని మొదటి ఆదివారమే అడిగారని విన్నాను.

ఆ ప్రథమ సత్ప్రసాదాల ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చిన్నప్ప నన్ను నందిగామలో దింపుతానన్నాడు. ఆటోలో మేమిద్దరమే.  హైవే ఎక్కి కొంతదూరం పోయాక ఆటో పక్కకు తీసి ఆపాడు. పెట్రోలు అయిపోయిందనుకున్నాను.

"టీచరమ్మా, పాపసంకీర్తనానికి పోతే ముందు ఏమనాలి? మర్చిపోయా."

"నేర్పుతాగా."

"ఫాదర్ గారు పరీక్ష పెడతారా?"

"నీకు పెట్టర్లే."

హ్యాండిల్ మీద చేతులు పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు. "దేవుడి మీద కోపం ఇంకా పోలా. పోయిందని అబద్ధం చెప్పలేను. అది ఉండంగా రావొచ్చా?"

"రా. వచ్చి ముందు ఆ కోపమే చెప్పు."

"ఫాదర్ గారికా?"

"ఆయన వింటారు. పైన ఆయనా వింటాడు. గట్టిగానే చెప్పు."

చిన్నప్ప మెడలో తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చేసిన పాపాలకు బాధపడుతూ చెప్పుకునే మనస్తాప జపం మొదటి మాట నేను చెప్పాను. అతను అన్నాడు. రెండోది చెప్పాను. అతను అన్నాడు. ఎండ మండిపోతోంది. సిమెంటు లారీలు పక్కనుంచి ఆటోను ఊపేస్తూ పోతున్నాయి. లారీ హారన్‌కు తన మాట మునిగిపోయినప్పుడల్లా ఆగి, మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.